ఊరి గోరింకా, అడవి గోరింకా: ఒడిశా సరిహద్దు ఊళ్ళలో రెంటినీ తేడా పట్టడం ఎలా

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు ఉండే తెలుగువాళ్ళకు గోరింకను కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. పెరట్లో అదే, బస్టాండులో అదే, మేతకెళ్ళిన ఆవు కాళ్ళ దగ్గరా అదే. కొత్త జంటను చిలకా గోరింకల్లా ఉండమని దీవిస్తాం. ఇంత చనువైన పిట్ట కాబట్టే దాన్ని ఎవరూ తేరిపార చూడరు. ‘ఆ, గోరింకే కదా’ అని చూపు తిప్పేసుకుంటారు. మన కొండ అంచు ఊళ్ళలో ఆ గుంపులోనే ఇంకో గోరింక కూడా తిరుగుతుంటుంది. అదే అడవి గోరింక. చూసేవాళ్ళకు కొదవ లేకపోయినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. ఈ రెంటినీ అనుమానం లేకుండా విడదీసి చెప్పడం ఎలాగో మెట్టు మెట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఎక్కడ కనిపించిందన్న దాన్నిబట్టి తీర్పు చెప్పకండి. ‘ఊళ్ళో ఉంది కాబట్టి ఊరి గోరింక, చెట్ల మధ్య ఉంది కాబట్టి అడవి గోరింక’ అనుకుంటే మన ప్రాంతంలో సగం సార్లు తప్పుతాం. మహేంద్రతనయ ఒడ్డున గానీ, వంశధార పక్క వరి మడుల్లో గానీ రెండూ ఒకే గేదె చుట్టూ తిరగడం కనిపిస్తుంది. నిర్ణయం ముఖం చూసి చేయాలి. మిగతా గుర్తులన్నీ దానికి తోడు సాక్ష్యాలే.

ముందుగా ఈ రెండింటి సంగతి

ఊరి గోరింకను ఇంగ్లీషులో కామన్ మైనా అంటారు. శాస్త్రీయ నామం అక్రిడోథెరీస్ ట్రిస్టిస్. 1766లో లిన్నేయస్ పేరుపెట్టి నమోదు చేశాడు. అడవి గోరింక జంగిల్ మైనా, అక్రిడోథెరీస్ ఫస్కస్. దీన్ని 1827లో వాగ్లర్ వర్ణించాడు. రెండూ ఒకే ప్రజాతికి చెందిన దగ్గరి బంధువులు. ఊరి గోరింక 23 నుంచి 25 సెంటీమీటర్ల పొడవుంటుంది, అడవి గోరింక 23 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. పక్కపక్కనే నిలబడితే ఊరిది కాస్త బొద్దుగా అనిపిస్తుంది గానీ, విడిగా చూసినప్పుడు ఆ తేడా కంటికి అందదు. కాబట్టి సైజును లెక్కలోంచి తీసేయండి. రెండింట్లోనూ ఆడా మగా ఒకేలా ఉంటాయి. ఆ తంటా ఎలాగూ లేదు.

ఊరి గోరింక మనిషిని అంటిపెట్టుకుని ప్రపంచం చుట్టేసింది. పురుగుల్ని తింటుందని 1862లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు తీసుకెళ్ళారు. అక్కడ పంటలకూ, చెట్టు తొర్రల్లో గూడు కట్టుకునే స్థానిక పక్షులకూ అది బెడదగా మారింది. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 చొరబాటు జీవుల జాబితాను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2000లో తయారు చేసినప్పుడు అందులో దీని పేరూ చేర్చింది. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆ జాబితా చదివి మన ఊళ్ళో గోరింకను శత్రువులా చూడటం అన్యాయం. ఇది దాని సొంత గడ్డ. ఇక్కడి డేగలూ పాములూ పిల్లులూ రోగాలూ దానికి వేల ఏళ్ళుగా తెలుసు. అడవి గోరింకను కూడా ఫిజీ లాంటి పసిఫిక్ దీవులకు పురుగుల కోసమే పట్టుకెళ్ళారు. అక్కడా అది పాతుకుపోయింది.

మొదటి మెట్టు: వేళ, చోటు, చేతిలో సరంజామా

8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) ఉంటే చాలు. అంతకంటే పెద్దది మెడకు బరువు. అది లేకపోతే, జూమ్ ఉన్న ఫోనుతో తీసిన ఫోటో కూడా పనికొస్తుంది. గోరింకలు మనుషులకు అలవాటు పడ్డ పిట్టలు కాబట్టి కాస్త ఓపిగ్గా ఒకచోట కూర్చుంటే అవే దగ్గరకొస్తాయి. వెంటపడితే ఎగిరిపోతాయి.

సూర్యుడు పైకొచ్చాక మొదటి రెండు గంటలు మంచి సమయం. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని నిలబడాలి. గోరింక ముఖంలో మనం చూడాల్సినవన్నీ చిన్న చిన్న రంగు తేడాలు. వెలుతురు పిట్ట వెనక నుంచి వస్తే ఊరి గోరింక కంటి చుట్టూ ఉన్న పసుపు కూడా నల్లగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు అటు తిరిగి వెళ్ళి మళ్ళీ చూడటమే తప్ప ఊహించి పేరు రాయకూడదు.

మన వైపు చూడదగ్గ రోజులు రెండు విడతలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బూరుగ, మోదుగ చెట్లు ఆకులు రాల్చి పూలతో నిండుతాయి. ఆకులు అడ్డురావు, పిట్టలన్నీ పూల మీదే ఉంటాయి. గుణుపురం నుంచి రాయగడ వెళ్ళే దారిలోనైనా, జయపురం నుంచి కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు పక్కనైనా పూసిన బూరుగ చెట్టు కింద అరగంట కూర్చుంటే రెండు రకాలూ కనబడే అవకాశం బాగా ఉంటుంది. రెండో విడత జూన్, జూలై. ఉభాలకు ముందు దమ్ము పట్టే రోజుల్లో ట్రాక్టరు వెనకాల కొంగలతో పాటు గోరింకలు గుంపుగా దిగుతాయి. తడి మట్టిలోంచి బయటపడే పురుగుల మీద ధ్యాసలో ఉంటాయి కాబట్టి మనల్ని పెద్దగా పట్టించుకోవు.

పశువులు కాసేవాళ్ళను అడగడం నిజంగా ఉపయోగపడుతుంది. ఎలా అడుగుతామన్నదే ముఖ్యం. ‘అడవి గోరింక ఉందా తాతా?’ అంటే ‘ఉంటాది బాబూ, అడవిలో ఉంటాది’ అనే జవాబు వస్తుంది. ‘ముక్కు మీద చిన్న జుట్టు లేచి ఉండే గోరింక ఆవుల మీదికి వస్తుందా తాతా?’ అని అడిగితే, ఎక్కడ, ఏ వేళకు, ఏ గెడ్డ దగ్గరో కూడా చెప్తారు. పేరు అడగకండి, గుర్తు చెప్పి అడగండి. పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు, ఒడియా, సవర మూడూ కలిసిపోయే చోట్ల ఈ పద్ధతి మరీ మేలు.

రెండో మెట్టు: ముఖం

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. పిట్ట పక్కకు తిరిగినప్పుడు నాలుగు చోట్లు వరసగా చూడండి: కంటి చుట్టూ, కన్ను, ముక్కు మొదలు, ముక్కు పైన నుదురు.

కంటి చుట్టూ ఏముందో మొదట చూడాలి. ఊరి గోరింక కంటి కిందా, వెనకా ఈకలు లేని చర్మం ఉంటుంది. నిగనిగలాడే పసుపు రంగు. నల్లటి తల మీద అది చాలా దూరం నుంచి కూడా తెలిసిపోతుంది. మంచి వెలుతురులో బైనాక్యులర్ కూడా అక్కర్లేదు. అడవి గోరింకకు ఈ పసుపు చర్మం లేదు. కంటి అంచు దాకా నల్లటి ఈకలే. ఈ ఒక్క గుర్తు సరిగ్గా చూస్తే పని దాదాపు అయిపోయినట్టే.

తర్వాత కన్ను చూడండి. ఊరి గోరింకది ముదురు కన్ను. దగ్గరగా చూస్తే ఎర్రటి గోధుమ రంగులో తెల్లటి చుక్కలు చిమ్మినట్టు ఉంటుంది, దూరానికి ముదురుగానే కనిపిస్తుంది. అడవి గోరింక కన్ను లేత రంగు. ఉత్తర భారతంలోని పిట్టలకు లేత పసుపు, పశ్చిమ కనుమలూ దక్షిణాది వైపు ఉన్నవాటికి నీలి ఛాయ కలిసిన తెలుపు. ఏ రంగైనా, నల్లటి ముఖంలో ఆ లేత కన్ను గుచ్చి చూస్తున్నట్టు అనిపిస్తుంది. పసుపు మచ్చ మధ్య ముదురు కన్ను ఊరిది. నల్లటి ముఖంలో లేత కన్ను అడవిది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఇదే. ఎందుకంటే పిట్ట మనకేసి తిరిగినా, పక్కకు తిరిగినా ఈ పోలిక పనిచేస్తుంది.

మన జిల్లాల్లో కంటి రంగుకు ఇంకో విలువ కూడా ఉంది. ఉత్తరాది పిట్టలకూ దక్షిణాది పిట్టలకూ మధ్యలో ఉన్న నేల ఇది. మీ ఊరి అడవి గోరింక కన్ను పసుపా, నీలి తెలుపా అన్నది ఫోటోతో సహా నమోదు చేస్తే, పక్షుల్ని చదివేవాళ్ళకు అది పనికొచ్చే సమాచారం. ‘అడవి గోరింక, 4’ అని మాత్రం రాసి వదిలేయకండి.

మూడోది ముక్కు. ఊరి గోరింక ముక్కు మొదలు నుంచి కొన దాకా పసుపే. అడవి గోరింక ముక్కు నారింజ కలిసిన పసుపు, మొదట్లో నీలి నలుపు మరక ఉంటుంది. కింది దవడ మొదట్లో ఆ మరక స్పష్టంగా కనిపిస్తుంది. బురదలో పొడిచి పొడిచి మట్టి అంటుకున్న ముక్కు మీద ఈ గుర్తు మోసం చేస్తుంది. దమ్ము మడుల్లో చూస్తున్నప్పుడు ముక్కును నమ్మకండి.

చివరగా నుదురు. అడవి గోరింకకు ముక్కు మొదట్లో, నుదుటి మీద, చిన్న ఈకల కుచ్చు ముందుకు లేచి ఉంటుంది. కోడిపుంజు జుట్టులాంటిది కాదు. ముక్కు మీద వాలినట్టు ఉండే నాలుగు పోగులు, అంతే. పక్క నుంచి చూస్తేనే బాగా తెలుస్తుంది. ఎదురుగా ఉన్నప్పుడు కనబడదు. వానలో తడిస్తే అణిగిపోతుంది, గాలికి వెనక్కి వాలుతుంది, ఈకలు అరిగిన కాలంలో పొట్టిగా మిగులుతుంది. ఈ రెండింట్లో అయితే, కుచ్చు ఉంటే అడవి గోరింక అని ఖాయంగా చెప్పొచ్చు. కుచ్చు కనబడలేదని ఊరి గోరింక అని తేల్చకూడదు. చాలామంది పొరపడేది ఇక్కడే.

బూరుగ పూల మీద ఈ కుచ్చు పని ఏమిటో కళ్ళారా చూడొచ్చు. అడవి గోరింక మకరందం కోసం పువ్వులో తల దూర్చి, బయటికి తీసేసరికి ఆ పోగులకు పుప్పొడి అంటుకుని ఉంటుంది. తల విదిలించి పక్క పువ్వుకు వెళ్తుంది. మళ్ళీ తల దూర్చినప్పుడు ఆ పుప్పొడి అక్కడ అంటుకుంటుంది. తేనెటీగ చేసే పనే ఇదీ చేస్తోంది. ముఖ్యంగా ఎర్ర పూల చెట్లకు ఈ పిట్టల రాకపోకలు ఎంత అవసరమో ఆ కొమ్మ కింద పదినిమిషాలు నిలబడితే అర్థమవుతుంది. కాకపోతే ఆ రోజుల్లో ముఖమంతా పుప్పొడి అంటుకుని, పసుపు చర్మం ఉందేమో అన్న భ్రమ కలిగించవచ్చు. చర్మమైతే అంచు తీర్చినట్టు ఉంటుంది, నిగారిస్తుంది. పుప్పొడి మరక చెదిరి, అంచు లేకుండా ఉంటుంది.

మూడో మెట్టు: ఒంటి రంగు

ఊరి గోరింక ఒళ్ళు చాక్లెట్ గోధుమ రంగు, తలా మెడా నలుపు. తలకూ ఒంటికీ రంగు తేడా బాగా తెలుస్తుంది. అడవి గోరింక ఒళ్ళు బూడిద రంగు, పైభాగం ఇంకాస్త ముదురు. నీడలో రెండూ ఒకేలా నల్లగా ఉంటాయి, సాయంత్రం ఎండ పడితే బూడిద రంగు కూడా గోధుమలా మారిపోతుంది. కాబట్టి ముఖం కనబడనప్పుడు మాత్రమే దీన్ని ఆసరాగా తీసుకోండి.

నాలుగో మెట్టు: ఎగిరేటప్పుడు

రెండింటికీ రెక్క మీద తెల్ల మచ్చ ఉంటుంది. తోక కొసలూ తెలుపే. ‘రెక్క మీద తెల్ల మచ్చ కనబడింది, కాబట్టి ఊరి గోరింక’ అనే మాట అందుకే చెల్లదు. ఊరి గోరింకది పెద్ద మచ్చ, అడవిదానిది చిన్నది. నిజమే. కానీ ఎగిరే పిట్టలో పెద్దదా చిన్నదా అని కొలవాలంటే కంటికి చాలా అలవాటు ఉండాలి.

రెక్క అడుగు చూడండి. ఊరి గోరింక తల మీదుగా పోతున్నప్పుడు రెక్క అడుగున ముందు భాగంలో తెల్లటి ఈకల పొర కనిపిస్తుంది. అడవి గోరింకకు అదే చోట ముదురు బూడిద రంగు ఉంటుంది. వంతెన మీదో, కొండ వాలు రోడ్డు మీదో నిలబడి పై నుంచి చూస్తే ఈ గుర్తు దొరకదు. కింద మడిలో నిలబడి తలెత్తి చూడాలి. కూర్చున్న పిట్టకు తోక కింద కూడా ఒక చూపు వేయండి. ఊరిదానికి అక్కడ స్వచ్ఛమైన తెలుపు ఉంటుంది, అడవిదానికి మాసిన తెలుపు. ఒక్క గుర్తుతో కాకుండా రెండు మూడు కలిపితేనే ఎగిరే పిట్ట పేరు రాయాలి.

ఐదో మెట్టు: పిల్ల గోరింకలు, ఈకలు ఊడినవి

మే, జూన్ నుంచి వానలు తగ్గేదాకా గుంపుల్లో పిల్లలు కలుస్తాయి. గందరగోళమంతా అప్పుడే. అడవి గోరింక పిల్లకు కుచ్చు ఉండదు, ఉన్నా ఆనవాలు మాత్రమే. ఒళ్ళు బూడిద కంటే గోధుమ వైపు మొగ్గుతుంది. గొంతు దగ్గర ఈకల మధ్య లేత రంగు గీతల్లా కనిపిస్తుంది. అంటే పైన చెప్పుకున్న రంగూ కుచ్చూ రెండూ మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. ఊరి గోరింక పిల్లకు తల అంత నల్లగా ఉండదు, మాసిన గోధుమ రంగు. కానీ కంటి దగ్గర ఈకలు లేని చర్మం దానికి చిన్నప్పుడే ఉంటుంది. పెద్దదానంత కాంతి ఉండదు, అంతే. కాబట్టి పిల్లల విషయంలో ఒకటే ప్రశ్న వేసుకోండి: కంటి వెనక ఈకలు లేని చోటు ఉందా, లేదా? ఇంకో తేలిక దారి కూడా ఉంది. నోరు తెరిచి అరుస్తున్న పిల్ల దగ్గర కాసేపు ఆగండి. మేత పెట్టడానికి తల్లో తండ్రో వస్తుంది. పెద్దదాని ముఖం చూసి పిల్ల పేరు రాసుకోవచ్చు.

ఒక్కోసారి తల మీద ఈకలన్నీ ఊడిపోయి, పసుపు చర్మంతో బోడిగా తిరిగే గోరింక కనబడుతుంది. రాబందులాంటి ఆ రూపం చూసి కొందరు కొత్త పక్షి అనుకుంటారు. అది ఊరి గోరింకే. ఈకలు మార్చుకునే కాలంలోనో, ఈకల్లో చేరే చిన్న పురుగుల వల్లో ఇలా అవుతుంది.

ఆరో మెట్టు: ఏం చేస్తోంది, ఎవరితో ఉంది

రెండూ నేల మీద నడుస్తాయి, అవసరమైతే గెంతుతాయి. రెండూ పశువుల వెంట తిరుగుతాయి. గడ్డిలో కాలు పడ్డప్పుడు లేచే మిడతల కోసం ఈ తిరుగుడంతా. అడవి గోరింక పశువు వీపు మీదెక్కి గోమార్లు ఏరడం తరచుగా చూస్తాం. చెవి దగ్గర, మెడ మడతల్లో వెతుకుతుంది. గేదె కళ్ళు సగం మూసుకుని నిలబడుతుంది. పశువు వీపు మీద గోరింక కనబడితే ముఖం కేసి తప్పకుండా బైనాక్యులర్ తిప్పండి, అడవి గోరింక అయ్యే అవకాశం ఎక్కువ. కానీ ఊరి గోరింక కూడా వీపెక్కుతుంది కనుక అక్కడితో తీర్పు ఇవ్వకండి.

టిఫిన్ బండి కింద రాలిన ఇడ్లీ ముక్క, రైల్వే ప్లాట్‌ఫారం మీద పల్లీ, చేపల బజారు చెత్త, ఇలాంటి చోట్ల కనిపించేది ఎక్కువగా ఊరి గోరింకే. అడవి గోరింక ఊరి బయటి మడులు, గెడ్డ ఒడ్డులు, మామిడి తోటలు, కొండ వాలు పోడు పొలాలు ఇష్టపడుతుంది. అయినా రాయగడ, కొరాపుట్, సునాబెడ లాంటి ఊళ్ళకు కొండలు కూతవేటు దూరంలోనే ఉంటాయి. ఊరికీ అడవికీ మధ్య గీత గీసినట్టు ఉండదు. జయపురం జగన్నాథ సాగరం గట్టు లాంటి చోట చెరువు, ఊరు, పొలం అన్నీ కలిసే ఉంటాయి. అక్కడ ఒక్కో పిట్ట ముఖాన్నీ విడిగా చూడాల్సిందే.

సాయంత్రం చెట్ల మీదికి చేరేటప్పుడు చేసే గోల మనందరికీ తెలిసిందే. రావి, మర్రి, వెదురు పొదల్లో వందలూ వేలూ చేరతాయి. రకాలు విడదీయడానికి ఆ వేళ పనికిరాదు, వెలుతురు చాలదు. గుంపు ఎంతుందో అంచనా వేయడానికి మాత్రం అదే మంచి సమయం.

ఏడో మెట్టు: గూడు

రెండూ సందుల్లో, తొర్రల్లోనే గూడు పెడతాయి. ఊరి గోరింక గోడ కన్నాలు, చూరు సందులు, దీపస్తంభాల గొట్టాలు, దేనికైనా సరే అంటుంది. గడ్డి, ఈకలు, కాగితం, ప్లాస్టిక్ ముక్క, పాము కుబుసం, దొరికిందల్లా లోపల పరుస్తుంది. నాలుగు నుంచి ఆరు దాకా లేత నీలం గుడ్లు పెడుతుంది. 17, 18 రోజులు పొదుగుతుంది. పిల్లలు 22 నుంచి 24 రోజుల్లో గూడు వదులుతాయి. అడవి గోరింక చెట్టు తొర్రలకే మొగ్గుతుంది. వడ్రంగి పిట్టలూ కుకుడు గువ్వలూ తొలిచి వదిలేసిన తొర్రలు దీనికి కావాలి. అయితే గట్టు గోడలకు నీళ్ళు పోవడానికి వదిలిన రంధ్రాల్లోనూ గూడు పెడుతుంది. దీని గుడ్లూ నీలమే. గుడ్లు చూసి రకం తేల్చడం కుదరదు, అందుకని గూట్లో చేయి పెట్టే పని అస్సలు వద్దు.

దూరంగా, గూటి నోరు కనబడే చోట కూర్చోండి. తల్లీ తండ్రీ వంతులవారీగా మేత తెస్తాయి. లోపలికి దూరే ముందు పక్క కొమ్మ మీద ఒక్క క్షణం ఆగుతాయి. ముఖం చూడటానికి ఆ క్షణం చాలు. మీరుండగా మేత ముక్కున పెట్టుకుని లోపలికి పోకుండా అరుస్తూ కూర్చుంటే, మీరు మరీ దగ్గరున్నట్టు. వెంటనే వెనక్కి రండి. పాత ఎండు చెట్లను కొట్టేయకుండా ఉంచమని ఊళ్ళో నలుగురికి చెప్పగలిగితే అడవి గోరింకకు మీరు చేసే మేలు అదే. తొర్ర పడే చెట్టు తయారవడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

ఎనిమిదో మెట్టు: గొంతు

దీన్ని చివరి ఆధారంగా పెట్టుకోండి. ఊరి గోరింక కిచకిచలు, ఈలలు, గరగర శబ్దాలు, టిక్కుటిక్కులు అన్నీ కలిపి పాడుతుంది. పాడేటప్పుడు ఈకలు ఉబ్బించి తల కిందికీ పైకీ ఊపుతుంది. అడవి గోరింక పలుకులు దాదాపు అవే, కాస్త సన్నగా, పై స్థాయిలో వినిపిస్తాయి. రెండూ పక్కపక్కనే వింటే తేడా తెలుస్తుంది. విడిగా విని పేరు రాయడం నేను సమర్థించను.

తొమ్మిదో మెట్టు: మూడో పిట్ట కాదు కదా?

రెండింట్లో ఒకటని తేల్చే ముందు మిగతా బంధువుల్ని పక్కన పెట్టేయాలి. కంటి చుట్టూ చర్మం ఇటుక ఎరుపులో ఉండి, రెక్క మచ్చా తోక కొసలూ తెలుపు కాక లేత నారింజ గోధుమలో ఉంటే అది ఒడ్డు గోరింక. ఏటి గట్ల మట్టిలో కన్నాలు తవ్వి గూడు పెట్టే పిట్ట ఇది. ప్రధానంగా ఉత్తర భారతానిది. దీనికీ నుదుటి మీద చిన్న కుచ్చు ఉంటుంది. కాబట్టి కుచ్చు చూసిన సంబరంలో కంటి చుట్టూ ఉన్న రంగు మర్చిపోకండి.

నలుపు తెలుపుల్లో, తెల్ల చెంపలతో, కంటి చుట్టూ నారింజ చర్మంతో ఉండేది ఇంకో రకం. ఒడిశా అంతటా తడి పచ్చికల్లో తరచుగా కనిపిస్తుంది. దాన్ని దేనితోనూ పొరబడే వీల్లేదు. నల్లని తల, వెనక్కి దువ్వినట్టు జుట్టు, లేత గోధుమ పసుపు ఒళ్ళు ఉంటే పాపట గోరింక. చలికాలంలో వచ్చే గులాబీ గోరింకల గుంపు కూడా బూరుగ పూల మీద కలుస్తుంది. వాటి ఒంటి మీది గులాబీ రంగే గుర్తు.

ఇక కొండ గోరింక. నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, తల వెనక వేలాడే పసుపు చర్మం. కొరాపుట్ వైపు దట్టమైన అడవుల్లో ఎత్తైన చెట్ల మీదే ఉంటుంది, నేలకు దిగడం అరుదు. పొరుగున ఛత్తీస్‌గఢ్‌కు ఇది రాష్ట్ర పక్షి. మనిషి మాటను అచ్చంగా పలుకుతుందనే కారణంతో దీన్ని పట్టి పంజరాల్లో అమ్మేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో పెట్టి కాపాడుతోంది. పట్టడం, కొనడం, పెంచడం అన్నీ నేరమే. సంతలో పంజరంలో కనబడితే జాలిపడి కొని వదిలేస్తాననుకోకండి. ఆ డబ్బుతో ఇంకో గూడు ఖాళీ అవుతుంది. అటవీ శాఖ వాళ్ళకు కబురు చేయడమే సరైన పని.

పదో మెట్టు: రాసి పెట్టడం

చూసింది చూసిన చోటే రాయాలి. ఇంటికెళ్ళి రాద్దామనుకుంటే కన్ను ఏ రంగో గుర్తుండదు. తేదీ, వేళ, ఊరు, వెలుతురు ఎటు నుంచి ఉంది, ఎన్ని పిట్టలు, వాటిలో ఎన్నింటి ముఖం చూశారు, ఈ చివరి మాటే నోటుకు ప్రాణం. ముప్పై గోరింకల గుంపులో పన్నెండింటి ముఖం చూసి, తొమ్మిది ఊరివి, మూడు అడవివి అని తేలితే అలాగే రాయండి. మిగతా పద్దెనిమిదిని ‘గోరింక, రకం తేలలేదు’ అని రాయండి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ లాంటి యాప్‌లలో కూడా జాతి తేల్చకుండా ‘మైనా’ అని నమోదు చేసే వీలుంది. తేలని వాటిని ఎక్కువ కనబడే రకంలో కలిపేస్తే ఊరి గోరింక సంఖ్య ఉబ్బిపోతుంది, అడవి గోరింక మన ఊళ్ళలో లేనట్టే లెక్కలోకి వస్తుంది.

ప్రతి ఏడూ ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. ప్రపంచమంతా ఒకేసారి చేసే పని ఇది. మన బూరుగలు పూసేదీ అప్పుడే. పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని చూసినవన్నీ లెక్కపెట్టి పంపితే చాలు, పర్లాకిమిడి పెరడైనా కాశీనగర్ కళ్ళమైనా లెక్కలోకి వస్తుంది. పిల్లల్ని వెంట కూర్చోబెట్టుకోండి. కళ్ళు చురుగ్గా ఉంటాయి, కుచ్చును పెద్దవాళ్ళకంటే ముందు వాళ్ళే పట్టేస్తారు. వాళ్ళకు పేర్లు ముందు చెప్పకండి. ‘కంటి చుట్టూ పసుపు ఉందా? కన్ను ముదురా, లేతా? ముక్కు మీద జుట్టుందా?’ అని మూడు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చి, ప్రతి పిట్టకూ జవాబులు రాయించండి. ఏ పిట్ట ఏదో ఆ జవాబులు చదివి చివర్లో కలిసి తేల్చుకోవచ్చు.